నా గిన్నెలోనే తెచ్చింది

నా పేరు రోజ్‌మేరీ కోవాలిక్. వయసు నలభై తొమ్మిది. పెన్సిల్వేనియాలోని బ్రాంట్‌విల్‌లో మూడో తరగతి టీచర్ని. టీచర్నని రాయండి ఆఫీసర్, జూన్ ఆఖరుదాకా ఆ ఉద్యోగం నాదే. డెనీస్ ట్రాస్కో కారు అద్దం పగలగొట్టింది నేనే.

డెనీస్‌ది నా పక్క గది. పదకొండేళ్ల స్నేహం. ఈ ఏడు పిల్లలు తగ్గారని మా ఇద్దరిలో ఒకరిని తీసేస్తామన్నారు. యూనియన్ ఒప్పందం ప్రకారం చివర చేరినవాళ్లు ముందు పోవాలి. మేమిద్దరం ఒకే రోజు చేరాం. అందుకని మంగళవారం సాయంత్రం యూనియన్ ఆఫీసులో పేకముక్కలు తీయించారు. పెద్ద ముక్క వచ్చినవాళ్లు ఉంటారు. డెనీస్‌కు రాణి వచ్చింది. నాకు ఏడు.

యూనియన్ అధ్యక్షుడు గస్ మహోనీతో, "మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నా ఉద్యోగం ఇన్సూరెన్సు మీదే బతుకుతున్నాడు" అన్నాను.

"చూడమ్మా రోజ్, ఇవాళ కష్టాలు తూచి తీసేస్తే, రేపు ప్రిన్సిపాల్ తనకు గిట్టనివాళ్లందరినీ తూచి పారేస్తాడు. ఈ రూలు కోసం మంచులో నిలబడి సమ్మె చేసినదానివి, నీకు నేను చెప్పాలా?"

ఆయన మాట తప్పని ఇప్పటికీ అనను. అందుకే ఒళ్లు ఇంకా మండింది. డెనీస్ మొగుడికి రైల్వే ఉద్యోగం, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు. ఆమె పర్సు తీసుకుని వెళ్లిపోయింది.

ఈ రోజు, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు మా ఇంటికి వచ్చింది. చేతిలో చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు. మా ఊళ్లో చావింటికి తీసుకెళ్లేది అదే. నీలం పువ్వుల గాజు గిన్నె నాది. వాళ్లమ్మ పోయినప్పుడు నేను వండి పట్టుకెళ్లిన గిన్నె.

"విన్స్ కోసం ఉప్పు వేయలేదే" అంది. కిడ్నీలు చెడిన మా ఆయన విన్స్ అసలు బంగాళాదుంపే ముట్టకూడదని ఆమెకు తెలుసు.

"మా ఇంట్లో ఇంకా ఎవరూ చావలేదే!" అన్నాను. "ఆనాడు ఉద్యోగంలో చేరే సంతకానికి నన్ను బుధవారమే రమ్మన్నారు. నీ కారు చెడిపోయిందన్నావు. నిన్ను తీసుకెళ్దామని గురువారం దాకా ఆగాను. గుర్తుందా?"

"ఎందుకు లేదూ."

"మరి గస్ ముందు ఆ ముక్క ఎందుకు అనలేదే?"

"అంటే నేను పోవాల్సి వచ్చేది కదే, రోజ్."

నేనే అనొచ్చు కదా అని మీరు అడిగారు. ఆమె అంటుందని ఆగాను. మళ్లీ ఆగాను, నా బుద్ధి గడ్డి తిని.

గిన్నె లాక్కుని వాకిట్లో ఉన్న ఆమె కారు మీదికి విసిరాను. కారులో ఎవరూ లేరు. ఆమె నా పక్కనే మెట్ల మీద ఉంది. ఆమెకు తగలాలని విసరలేదు. విన్స్ కిటికీలోంచి, "నువ్వు జైలుకెళితే సోమవారం నన్ను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారే?" అని అరిచాడు. డెనీస్ ఏడుస్తూ నా గాజు పెంకులు ఏరింది.

ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరిని పిలవమంటారని ఇందాక అడిగారు. విన్స్ బండి నడపలేడు. పదకొండేళ్లుగా ఎవరడిగినా నేను చెప్పింది ఒక్క నంబరే. ఇంకో నంబరు నాకు నోటికి రాదు. అది డెనీస్‌ది.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి, చదివి వినిపించారు. ఇందులో కల్పించింది ఏదీ లేదు.

(సంతకం) రోజ్‌మేరీ కోవాలిక్
14 మే 2011, బ్రాంట్‌విల్ పోలీసు స్టేషన్