మన మేతబీడు మీద బెంగ

సభకు పెద్దరికం వహించిన సర్పంచ్ భవానీదేవిగారికి, వేదిక మీదున్న పాల సంఘం పెద్దలకు, ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ, మూడో వరసలో కూర్చుని, ఈయన మైకు ఎప్పుడు వదుల్తాడా అని కంగారుపడుతున్న మా ఆవిడ సత్యనారాయణమ్మకీ నమస్కారం. (నవ్వులు) నవ్వకండి, ఆవిడ కంగారు ఎప్పుడూ ఉత్తినే పోలేదు.

భవానీదేవిగారు ఇందాక నన్ను ధైర్యవంతుణ్ణి అన్నారు. అమ్మా, మీరు పెద్దమనసుతో అన్నారు గానీ, ఈ పాల సంఘానికి కార్యదర్శిగా ఉన్నన్నాళ్ళూ నన్ను నడిపింది భయమేనండి. కాలవ అవతల మన ఊరుమ్మడి మేతబీడు ఎలా ఉండేదో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మనిషెత్తు తూటికాడ, దాని మధ్యలో సర్కారు తుమ్మ, గేదె దారితప్పి లోపలికి పోతే గట్టు మీద నిలబడి పేరుపెట్టి పిలవడమే గానీ వెతకడానికి ఎవరికీ అడుగు పడేది కాదు. తుంచితే పాలు కారే ఆ తూటికాడకి పశువు మూతి పెట్టదు, పాము మాత్రం సుబ్బరంగా కాపురం పెడుతుంది. (నవ్వులు)

అలాంటి చోట అందరం కత్తులు పట్టుకుని దిగాం. కానీ మన కోనసీమ వాళ్ళకి ఒక జబ్బుంది, చేతికి కర్ర దొరికితే దడి కట్టకుండా ఉండలేం. కొట్టిన తూటికాడలన్నీ ఎండబెట్టి తగలెయ్యాల్సింది పోయి, ఎంచక్కా బీడు చుట్టూ పాతి, కొబ్బరితాడుతో బిగించి, ఎంత ముచ్చటగా ఉందోనని వీడియోలు కూడా తీసుకున్నాం. తొలకరి పడ్డాక పాతిన కర్రలన్నీ వేరు పట్టి, చిగురేసి, తిరిగి బీడులోకే నడిచొచ్చేశాయి. కంచే చేను మేసిందని అందరూ సామెత చెప్పుకుంటారు, మనం కళ్ళారా చూశాం. (పెద్దగా నవ్వులు)

ఆ దడిని వేళ్ళతో సహా పెరుకుతున్నప్పుడే, ఇదిగో ఈ ముందు వరసలో కూర్చున్న వీరదుర్గని రక్తపింజరి కరిచింది. అమలాపురం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఈ బీడూ వద్దు, ఈ పాలూ వద్దు, ఆ పిల్ల బతికితే చాలని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. బతికింది. మనం నాటిన గరిక పచ్చగా పరుచుకున్నాక, ముందుగా గేదెని తోలుకొచ్చింది కూడా తనే. "భయం లేదా అమ్మా?" అన్నాను. "ఆయ్, ఎందుకు లేదండీ, బోలెడంత ఉందండి. మరి గేదెకి గడ్డి కావాలి కదండీ!" అంది. (చప్పట్లు)

ఇప్పుడు అసలు సంగతి. నా చూపు పోతోందని మీకు తెలుసు. ఉన్నది నిలబెడతాం గానీ పోయింది తేలేమని డాక్టరుగారు చెప్పేశారు, అందుకే కుర్చీ దిగుతున్నాను. మొన్న పొద్దున్న చేతికర్రతో బీడు దాకా వెళ్ళాను. మోకాలెత్తు గడ్డి కాళ్ళకి తగిలింది. పశువులు మేసే చోట గడ్డి అంత ఎత్తు ఉండదండి. వంగి చేతికందిన కాడ ఒకటి తుంచితే, వేళ్ళకి జిగురుగా పాలంటుకున్నాయి. తూటికాడ మళ్ళీ వచ్చేసిందండి.

అంతలో పక్కనే కొలతల టేపు చుట్టుకుంటున్న చప్పుడు. "ఎవరు బాబూ?" అన్నాను. "ఊరికే చూస్తున్నామండీ. ఎవరూ వాడని బీడే కదండీ, రొయ్యల చెరువులకి పనికొస్తదేమోనని" అని ఎంతో మర్యాదగా చెప్పేరు. ఆ మర్యాదకే నాకు ఇంకా భయమేసింది. పక్క ఊళ్ళో చెరువులు తవ్వాక బావినీళ్ళు ఎంత ఉప్పగా అయిపోయాయో, అక్కడికి ఆడపిల్లల్ని ఇచ్చిన మీకు నేను చెప్పాలా?

ఇందాక టీ ఇచ్చేరు. కళ్ళు పోతున్నాయి గానీ నాలుక పోలేదండి, అది ప్యాకెట్టు పాల టీ. పాల సంఘం సన్మానసభలో! (ఎవరూ నవ్వలేదు) ఈ వీరదుర్గ గేదెలు తప్ప ఇప్పుడు ఆ బీడు తొక్కే పశువు లేదు. తూటికాడ ఒకసారి కొడితే పోయేది కాదు. రోజూ గిట్టలు తొక్కాలి, రోజూ మనుషులు తిరిగి మొలకలు పెరకాలి. ఒక్క వర్షాకాలం వదిలేస్తే అడవైపోతుంది, అడవైతే ఎవరూ వాడటం లేదన్న ఆ మాటే నిజమైపోతుంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

అందుకని ఒకటే అడుగుతాను. రేపు పొద్దున్న పశువుల్ని ఎవరెవరు తోలుకొస్తారు? చేతులెత్తకండి, నాకు కనబడవు. నోటితో చెప్పండి.

(మూడో వరసలోంచి ఒక ఆడగొంతు)

"ముందు మన పాకే ఖాళీగా ఉందండీ. చూపు ఆనటం లేదు, ఎక్కడ పాము మీద కాలేస్తానోనని గేదెని అమ్మేసేరు కదా!"

విన్నారా? మా సత్యనారాయణమ్మ. ఆయ్, నిజమేనండి. భయపడే అమ్మేశాను. మీరూ ఎవరి భయాలు వాళ్ళకుండే మానేసి ఉంటారు, మిమ్మల్ని అనడానికి నాకు నోరెక్కడిది?

వీరదుర్గా, నీ పెయ్యల్లో ఒకదాన్ని మాకివ్వమ్మా. సత్యనారాయణమ్మా, పలుపు నువ్వు పట్టుకో, నీ భుజం నేను పట్టుకుంటాను, అడుగు ఎక్కడ వెయ్యాలో నువ్వు చెబుదువు గాని. రేపు ఆ గట్టెక్కాక, మా వెనకాల ఇంకో పశువు గిట్టల చప్పుడు వినబడుతుందో లేదోనని నాకు ఇప్పట్నుంచే గుండె దడగా ఉంది. ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.