వడదెబ్బ తగిలిన గ్యాస్ బండ

గోవర్ధనరావుగారు నోరు విప్పితే కోడూరు నుంచి నాగాయలంక దాకా నిజాలన్నీ సెలవు పెట్టి పోతాయని ఊళ్ళో అనుకుంటారు. ఆ సాయంత్రం రోహిణి కార్తె ఎండ కాస్త తగ్గాక, అరుగు మీద నీళ్ళు చల్లించి, పడక కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. దివిసీమలో మొట్టమొదట గ్యాస్ బండ కొన్న మొనగాడు తనేనని ఆయన చెప్పుకుంటున్నారు. అది బెజవాడ నుంచి లారీలో వచ్చి పద్దెనిమిది రోజులైంది. దాని కథ వినడానికి సూరయ్య, జనార్దనరావు మాస్టారు, ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు.

కింద మెట్టు మీద కూర్చున్న పాలేరు యాకోబుకి కథ మీద ధ్యాస లేదు. ఎందుకంటే ఆ బండ ఉన్నది ఈ డాబాలో కాదు, పశువుల కొట్టం వెనక తన తాటాకు పాకలో. తెచ్చిన రోజే గోవర్ధనరావుగారు దాన్ని వేలితో తాకి చూసి, "డాబా కొలిమిలా కాలిపోతోందిరా. ఎండాకాలం తాటాకు పాకంత చల్లని చోటు ఇంకెక్కడుంది? వానలు పడేదాకా నీ దగ్గరుంచు. ఎవరితోనూ అనకు" అన్నారు. పాక చల్లనిదే. కానీ అందులో పొయ్యి ఉంది, మూల పిడకలున్నాయి, నెత్తిన ఆకు ఉంది. యాకోబు పెళ్ళాం ఆనందమ్మ ఆ రోజు నుంచి లోపల నిప్పు రాజేయలేదు. బయట ఎర్రటెండలో మూడు రాళ్ళు పెట్టి వండుతోంది. "ఇవాళ దాన్ని తీయించకుండా ఇంటికి రాకు" అని మొగుడికి ఖండితంగా చెప్పి పంపింది. ఇప్పటికి రెండుసార్లు అడిగాడు యాకోబు. రెండుసార్లూ "చూద్దాం లేరా" అన్నారు అయ్యగారు.

"బావా, ఎండకి గ్యాస్ బండ పేలుతుందటగా? బందరులో అనుకుంటున్నారు" అన్నాడు సూరయ్య.

"పేలుతుంది. చేతకానివాడి కొంపలో పేలుతుంది! మొన్న శుక్రవారం మిట్టమధ్యాహ్నం నేను దాని మీద చెయ్యి వేసి చూశాను. జ్వరం తగిలిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది. అదేమిటో నాకు ఇట్టే తెలిసిపోయింది. వడదెబ్బ! మనిషికి తగిలితే ఏం చేస్తాం? అదే చేశాను. తడి గోనె కప్పాను, మెడకి ఉల్లిపాయ కట్టాను. పావుగంటలో చల్లబడింది."

"బండకి ఉల్లిపాయా?" అన్నారు మాస్టారు.

"మీరు పుస్తకంలో చదివారు మాస్టారూ, నేను చేత్తో పట్టి చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆదివారం నాటికి ఎండ ఇంకా ముదిరింది. బండ తాచుపాములా బుస్సుమంది. ఇంట్లోవాళ్ళంతా పరుగో పరుగు. నేను కదిలానా? రెండు కడవల మజ్జిగ తేట దాని నెత్తిన పోశాను. పోసేసరికి త్రేన్చింది. ఆ త్రేన్పు అవనిగడ్డలో వినపడి, తుపాను వస్తోందని అక్కడివాళ్ళు పశువుల్ని కట్టుగొయ్యల నుంచి విప్పేశారు!"

యాకోబు లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఆ బండ సంగతేనండి…"

"ఉండరా, అసలు కథ ఇప్పుడే మొదలు. సోమవారం అది లేచింది."

"లేవడమేమిటి బావా?"

"లేచింది సూరయ్యా! జానెడు లేచింది. నేను ఊరుకుంటానా, ఒక్క దూకున ఎక్కి కూర్చున్నాను. నాతో సహా లేచింది. కాలవ దాటింది, కొబ్బరితోటలు దాటింది. కూచిపూడి మీదుగా పోతుంటే కింద అభ్యాసం చేస్తున్న పిల్లలు తాళం తప్పి నోళ్ళు తెరిచారు. బందరు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కనపడింది. ఇంతలో రష్యావాడి రాకెట్టు ఎదురొచ్చింది. పరాయి దేశంవాడు కదా, దారి తెలియదేమో పాపం అని నేనే పక్కకి తప్పుకున్నాను. గుడివాడ స్టేషన్ మీద ఒక చుట్టు తిప్పితే, గార్డు పచ్చజెండా ఊపి దారిచ్చాడు."

"మరి దిగిందెలా?"

"చెవి మెలేశాను. అంతే, కుక్కపిల్లలా మా పెరట్లో దిగి నా కాళ్ళ దగ్గర పడుకుంది."

మాస్టారు నవ్వు ఆపుకుని ముందుకి జరిగారు. "గోవర్ధనరావుగారూ, మా అల్లుడూ ఒకటి తెస్తానంటున్నాడు. నిజం చెప్పండి, మీది ఎక్కడ పెట్టారు?"

"ఇంకెక్కడ? నా పడకగదిలో, మంచం పక్కన! దాని మీద చెయ్యి వేసుకుంటేగాని నాకు నిద్ర రాదు. నేను ఒక్క పూట కనపడకపోతే అది బెంగ పెట్టుకుంటుంది."

యాకోబుకి ఒళ్ళు మండింది. పద్దెనిమిది రోజులుగా ఆ బండ పక్కన కంటి మీద కునుకు లేనిది తనకి. పూటపూటా గోనె తడుపుతున్నది ఆనందమ్మ. ప్రార్థన చేసుకుని కూడా పిల్లల్ని గుమ్మం బయటే పడుకోబెడుతోంది. ఇక్కడేమో ఈయన రాకెట్టుకి దారిస్తున్నారు. నేరుగా కొట్టం వెనక్కి నడిచాడు.

"ఒప్పుకున్నారా?" అంది ఆనందమ్మ.

"మంచం పక్కనుందని నలుగురి ముందు తన నోటితోనే అన్నారు. ముందు దీన్ని ఎత్తు" అన్నాడు.

బస్తాలు మోసిన భుజానికి బండ ఒక లెక్క కాదు. అయినా నిటారుగా, జాగ్రత్తగా మోశాడు. బెజవాడ నుంచి వచ్చిన మెకానిక్కు చెప్పాడు: నిలబెట్టే ఉంచాలి, నీడన ఉంచాలి, గాలి ఆడాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. ఆ నాలుగు ముక్కలూ గుర్తున్నది యాకోబు ఒక్కడికే. అప్పుడు అయ్యగారు మెకానిక్కుకే గ్యాస్ గురించి పాఠం చెబుతున్నారు.

అరుగు ముందు ఆగాడు. భుజాన తడి గోనె కింద నుంచి ఎర్రటి బండ కనపడుతోంది.

"అయ్యగారూ, తెచ్చానండి. పాపం, పద్దెనిమిది రోజులుగా మా పాకలో మీకోసం బెంగ పెట్టుకుని ఉందండి. మీ మంచానికి కుడిపక్కన పెట్టమంటారా, ఎడంపక్కనా?"

పడక కుర్చీ వెనక్కి పడింది. గోవర్ధనరావుగారు అరుగు చివరి స్తంభం వెనక ఉన్నారు. అక్కడికి ఎలా వెళ్ళారో ఎవరూ చూడలేదు.

"ఇప్పుడు కూడా ఎగిరే వెళ్ళావా బావా?" అన్నాడు సూరయ్య. అందరూ పడీపడీ నవ్వారు.

"ఒరే, లోపల దీపం వెలుగుతోందిరా! దూరం! దూరంగా తీసుకుపో!"

"దూరమంటే మళ్ళీ మా పాకేనాండీ?" అన్నాడు యాకోబు.

నవ్వు ఆగిపోయింది. మాస్టారు తల దించుకున్నారు. గోవర్ధనరావుగారు స్తంభం వెనక ఇంకాస్త ఒదిగారు.

గుమ్మంలో గోవర్ధనరావుగారి భార్య ఇందిరాదేవిగారు నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి వింటున్నారో తెలియదు.

"ఉత్తరపు వసారాలో నిలబెట్టు యాకోబూ. అక్కడ ఎండ రాదు, నిప్పు ఉండదు. ఇంత పని జరిగిందని నాకు ఎవరూ చెప్పలేదు, ఆనందమ్మతో నేనే వచ్చి మాట్లాడతాను." ఆవిడ అరుగు మీదివాళ్ళ వైపు తిరిగారు. "ఈ బండకి చోటు నేను చూపించాను. ఈయన్ని ఎక్కడ పెట్టాలో మీరంతా కలిసి ఆలోచించండి."