కుడి మడ్‌గార్డు ఎవరు రుద్దారు

ఈ కత నాకు మొదట చెప్పినోడు సత్తెనపల్లి బస్టాండు కాడ టీ కొట్టు మస్తాను. ఆ పేరు రాసుకో. నువ్వడిగిందేంది, బస్సుకు రంగేసినాక మళ్లా నీళ్లు పోసి ఎందుకు రుద్దుతారు తాతయ్యా అనేగా? జవాబు ఆ కతలోనే ఉందిలే. మస్తాను నన్నెరగడు. గళాసు నా చేతికిచ్చి చెప్పాడు గదా, అన్నా, యుద్ధం రోజుల్లో నరసరావుపేట బస్సుల షెడ్డులో రంగయ్య మేస్త్రి అని ఒకాయన ఉండేవాడు, మద్రాసు నుంచి మెరుగు పెట్టే సీమ పొడి తెప్పించి మడ్‌గార్డు రుద్దితే షావుకారు అందులో చూసుకుని మీసం దువ్వుకున్నాడు, అని. నా కత నాకే చెప్పాడమ్మా. అందులో నేను లేను. సగం తాగి గళాసు పెట్టేసి వచ్చా. అర్ధణా టీ. ఆ మిగతా సగం ఇయ్యాల్టికీ నా గొంతుకు అడ్డం పడే ఉంది.

ఆ టేపు మిషను తిరుగుతుందా? తిరగనీ.

మనం వడ్రంగోళ్లం, నీకు తెలుసుగా. అప్పట్లో బస్సంటే ఇంజను ఒక్కటే ఇనుము, మిగతా ఒళ్లంతా చెక్కే. అందుకని షెడ్డులో మాకు పనుండేది. నేను చెక్క పనికే పోయా, పొయ్యి రంగులో పడ్డా. కుంచె పట్టానని మా నాయన ఆర్నెల్లు నాతో మాట్లాడలా. మీ నాయనమ్మను నాకిచ్చిన దుర్గి ఊరి మావైతే ఇంకా గొప్పోడు. ఆయన రాతి పని మనిషి, దేవుడి బొమ్మలు చెక్కేవాడు, రాతి మీద అచ్చరాలు కూడా చెక్కేవాడు. పెళ్లయిన ఏడాదే నలుగుర్లో అన్నాడు, మా అల్లుడు ఉలి వదిలేసి గోడలకు సున్నం కొడతన్నాడంట, అని. సున్నమంట! నేను వేసింది సెల్యులోజు రంగు. ఆ మాట నేను మర్చిపోలా. నేను ఏదీ మర్చిపోను, అదే నా జబ్బు అంటది మీ నాయనమ్మ.

సరే, యాడున్నాం? ఆఁ, బస్సు. పెట్రోలు దొరకని రోజులవి. ఎనకమాల బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్లు. దిగినోడు ఎవడైనా సరే మొహం కడుక్కోకుండా ఇంటికి పోతే కుక్కలు మొరిగేయి. అట్టాంటి బస్సొకటి మా షావుకారు కొన్నాడు. కోటప్పకొండ తిరణాలకు దాన్ని రోడ్డెక్కించాల, తరవాత నరసరావుపేట నుంచి మాచర్లకు తిప్పాల. రంగేమో నేరేడు పండు రంగు. ముదురు రంగు వెయ్యటం తేలిక, అందులో తప్పు దాచటం కష్టం. గోటితో గీకినా కనపడుద్ది.

అప్పుడు రంగు కుంచెతో పూసేదే. పూస్తే కుంచె గీతలు పడతయ్యి, దుమ్ము వాలుద్ది, దోమ కూడా వాలి చస్తది. ఆరినాక అవన్నీ తీసెయ్యాలంటే రుద్దాల. పొడిగా రుద్దితే లేచిన పొడే మళ్లా గీకుద్ది. అందుకని నీళ్లు. ఇప్పుడు తెలిసిందా? నీళ్లు పోసేది మురికి పోటానికి కాదే, లేచింది లేచినట్టు కొట్టుకుపోటానికి.

షావుకారు ఒక పందెం పెట్టాడు. ముందు చక్రాల మడ్‌గార్డులు రెండూ ఊడదీయించి ఎడమది రంగయ్యకు, కుడిది నాకు ఇచ్చాడు. ఎవరిది బాగుంటే వాడి పేరు బానెట్టు పక్కన రాయించాల. చూడు, డబ్బులు కాదు నాకు కావాల్సింది. ఆ బస్సు మాచర్ల పోద్ది. దుర్గి నుంచి మాచర్ల ఎంత దూరం? మావ కళ్ల ముందు నా పేరు ఆగి, హారను కొట్టి, జనాన్ని ఎక్కించుకుని పోవాల. అదీ నా పంతం.

ఈ రంగయ్య సంగతి చెప్పాలిగా. మద్రాసులో ఏడాది చేసొచ్చాడు, యాభై ఏళ్లు చేసొచ్చినట్టు మాట్లాడేవాడు. పొట్ట ముందు, మనిషి ఎనక. షావుకారు యాణ్ణించో నీటి కాగితాలు రెండే తెచ్చాడు. నీళ్లలో నానినా చెడని గరుకు కాగితం, యుద్ధంలో బంగారం దొరికేదేమో గానీ అది దొరకలా. తలా ఒకటి ఇచ్చాడు. నేను వడ్రంగి బిడ్డను గదా, ఈ కాగితం నాకెందుకు, మా ఇంట్లో ఉయ్యాల్లోనే చెక్క రుద్దే ఉప్పు కాగితం పట్టుకుంటాం అని కోతలు కోసి, దాన్ని మడిచి గూట్లో పడేశా. మా వడ్రంగం కాగితం తీసి, టేకు దిమ్మకు చుట్టి, నీళ్లు పోసి రుద్దా.

మా కాగితం మీద ఇసక నిలిచేది జిగురు మీద. తోళ్లు ఉడకబెట్టి తీసే జిగురు. అది నీళ్లు తగిలితే ఏమైద్ది? కరిగిద్ది. ఇసక ఊడింది, ఊడిన ఇసక దిమ్మ కింద పడింది, నేనేమో మావ మొహం తలుచుకుని ఇంకా గట్టిగా రుద్దా. మడ్‌గార్డేమో గుమ్మడికాయలాగా వంపు, నా దిమ్మేమో పీటలాగా సమం. వంపు మీద పీటేసి రుద్దితే శిఖరం కాడే అరిగిద్ది. అరిగింది. నేరేడు రంగు పోయి, దాని కింద పూత పోయి, రేకు బయటపడి నన్ను చూసి నవ్వింది.

రంగయ్య నిలబడి, చుట్ట తీసి, నిదానంగా అన్నాడు: "వీరాచారీ, ఇంటికి తీసకపొయ్యి పెళ్లాం చేత రుద్దించుకురా. అంట్లు తోమే చెయ్యి గదా, నీకంటే నయం."

షెడ్డంతా నవ్వింది. నాకు ఒళ్లు మండి అందరి ముందు మీసం మీద చెయ్యేసి అన్నా: "దీని మీద ఆడమనిషి చెయ్యి పడితే ఈ మీసం తీయించుకుంటా."

ఆ మాట గుర్తు పెట్టుకో.

మధ్యాన్నం మీ నాయనమ్మ అన్నం గిన్నె తెచ్చి గేటు కాడ నిలబడింది. ఆడోళ్లు లోపలికి వచ్చేవాళ్లు కాదు. నేను అన్నం వద్దన్నా. అక్కణ్ణించే మడ్‌గార్డు చూసింది. ఏమన్నా జాలిపడిందనుకున్నావా? పకపకా నవ్వింది. నవ్వి, దీన్ని ఇంటికి పట్టుకురా అంది. అంతే, ఎళ్లిపోయింది.

షెడ్డులో దుమ్ము ఎక్కువ, ఇంట్లో చేసుకుంటా అని వంకపెట్టి, అడుగున మిగిలిన రంగు డబ్బా ఇప్పించుకుని, మడ్‌గార్డు నెత్తిన బోర్లించుకుని బజార్లో నడిచా. పిల్లలు ఎంటబడ్డారు. అది నెత్తిన పెడితే కళ్ల దాకా దిగిపోయింది, గోడలు తడుముకుంటా వచ్చా.

దెబ్బతిన్న కాడ మళ్లా పూతలు వేశా. ఆరింది. నేను దిమ్మ తీస్తుంటే మీ నాయనమ్మ చేతిలోంచి లాక్కుని పొయ్యి కిందకు తోసేసింది. ఆ పూటే అన్నం ఉడికింది దాంతో. తరవాత దొడ్డి గోడ మీంచి జీలుగు బెండు తెచ్చింది, మా పెళ్లి బాసికాలకు తెచ్చిన దాంట్లో మిగిలింది. వంపుకు వంగేది కావాలయ్యా, నీలాగా బిర్రబిగుసుకునేది కాదు అంది. నేను వద్దన్న నీటి కాగితం చిన్న చిన్న ముక్కలు చించి బెండుకు చుట్టింది. బకెట్లో కుంకుడు రసం కలిపింది, కాగితం జారాలి గదా, పట్టేసుకోకూడదు. రెండు బకెట్లు. ఒకటి ముంచటానికి, ఒకటి కడగటానికి. ఒకటి చాలదా అన్నా. ఒక్క ఇసక రేణువు చాలంట మొత్తం పాడవటానికి, పుట్టింట్లో అమ్మోరి బొమ్మ చెంప అట్టా పాడైతే మూడు నెలల పని పోయిందంట.

చిన్నప్పట్నించీ వాళ్ల నాయన చెక్కిన బొమ్మలకు చివర్న నీళ్లు పోసి నునుపు చేసేది ఈ పిల్లేనమ్మా. నాకు పెళ్లప్పుడు ఎవరూ చెప్పలా. నేనూ అడగలా.

నేనేం చేశాననుకున్నావు? నీళ్లు మార్చా. "నీళ్లు మార్చు" అనేది, మార్చేవాణ్ణి. బాయి ఎన్నిసార్లు తోడానో. అరిగిన కాగితం ముక్క పారెయ్యబోతే చేతి మీద కొట్టింది, చివర్న పనికొచ్చేది అదేనంట, కొత్తది కొరుకుద్ది, అరిగింది నాకుద్ది. రుద్దిన కాడ అద్దంలాగా మెరిసేసరికి నేను, ఇంక చాల్లేవే అన్నా. అప్పుడు ఒక మాట చెప్పింది, దాని మీదే నేను నలబై ఏళ్లు బతికా: "తడిగా ఉన్నప్పుడు అన్నీ అందంగానే ఉంటయ్యి. ఆరినాక చూడు."

తుడిచి, ఆరబెట్టి చూస్తే గీతలే గీతలు. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి ఎక్కడెక్కడ ఎత్తుందో చెప్పేది. మళ్లా నీళ్లు.

ఇక మెరుగు పెట్టే పొడి. రంగయ్య ఇటిక పొడి నూరుతున్నాడని తెలిసింది. ఈమె ఇల్లంతా ఎతికి, మా నాయన విభూతి సంచీ తెచ్చింది. ఒసే, అది దేవుడిదే అన్నా. వినలా. గుడ్డలో వేసి వస్త్రగాళితం పట్టి, కొబ్బరి నూనె చుక్కేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర ముక్కతో గుండ్రంగా రుద్దింది. పొద్దున మా నాయన సంధ్య వార్చుకుని సంచీలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఉట్టి నొసటితో ఇల్లంతా తిరిగి నన్ను తిట్టాడు. ఈమె తలుపు చాటు నుంచి నాతో అంటది, ఆ బస్సు పోయేది కోటప్పకొండకే గదా, దేవుడి విభూతి దేవుడి కాడికే పోద్ది, మావయ్యతో చెప్పు అని. నేనెట్టా చెప్పను? తిట్లు తిన్నా.

తీర్పు రోజు. షావుకారు వచ్చేసరికి రంగయ్య తన మడ్‌గార్డు మీద చెంబెడు నీళ్లు పోసి పెట్టాడు. ధగధగ. నాది పొడిగా ఉంది. షావుకారు రంగయ్య వైపే తల ఊపాడు. నేను చేతులు కట్టుకుని, అయ్యా, ఒక్క చుట్ట తాగేసేపు ఆగండి, ఎండనే అడుగుదాం అన్నా. పలనాటి ఎండ గదా, చుట్ట సగం కాకముందే తీర్పు చెప్పింది. నీళ్లు ఆరినయ్యి. రంగయ్యది చూస్తే కోడి గీకిన గాదె కింద నేలలాగుంది. వాడు మెరుగు పెట్టింది కొత్త మిల్లు గుడ్డతో, గంజి కూడా పోని గుడ్డ. నాది, నాది అనకూడదులే, కుడిదాంట్లో షావుకారు తొంగి చూసి మీసం దువ్వుకున్నాడు. ఆ ముక్క మస్తాను సరిగానే చెప్పాడు.

"వీడి పేరు రాయి" అని రంగయ్యకే చెప్పి ఎళ్లాడు షావుకారు. ఆయనది వేలిముద్ర. షెడ్డులో అచ్చరం ముక్క వచ్చినోళ్లు ఇద్దరే. ఒకడు రంగయ్య, రెండోవాడు గుమాస్తా. ఆ గుమాస్తా రంగయ్య బావమరిది. నాకప్పుడు ఒక్క అచ్చరం కూడా రాదు. రంగయ్య తెల్ల రంగుతో చక్కగా, గుండ్రంగా రాశాడు. నేను పక్కన నిలబడి, ఆ చివర తోక ఇంకొంచెం తిప్పమని కూడా చెప్పా. తిప్పాడు, దొంగ సచ్చినోడు.

మావకు ముందే కబురు పంపించి, తిరణాల అయినాక మొదటి బస్సులో మాచర్ల పోయా. ముందు సీట్లో కూర్చున్నా, దారి పొడుగునా బొగ్గు పొగ మింగుతా. మావ వచ్చి నిలబడున్నాడు. నేను దిగి, బానెట్టు మీదికి గడ్డం ఎత్తి చూపించా.

చదివాడు. నా మొహం చూశాడు. మళ్లా చదివాడు. తరవాత కుడి మడ్‌గార్డు కాడికొచ్చి, కళ్లు మూసుకుని, అరచెయ్యి వేసి ఈ చివర్నించి ఆ చివరికి తడిమాడు. అచ్చం ఈమె తడిమినట్టే. కళ్లు తెరిచాడు.

"బానెట్టు మీద రంగయ్య అని ఉందయ్యా. రుద్దింది మా పిల్ల. పేరు నీది కాదు, చెయ్యీ నీది కాదు. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని వచ్చావు, అంతేనా అల్లుడూ?"

టిక్కెట్టు కూడా కొనలా నేను, డ్రైవరు ఎరిగినోడు. ఆ ముక్క ఆయనకు చెప్పలా.

ఆ తరవాత పోట్లాట, షెడ్డు వదిలెయ్యటం, మీ నాన్న పలక మీద నా పేరు నేను నేర్చుకోవటం, అదంతా వేరే. కానీ ఇంతకాలం నేను రంగయ్యనే తిట్టా, ఊరూరా తిట్టా. కుడిది రుద్దింది నేనే అని చెప్పా. మీసం ఉంది గదా మరి, ఎట్టా చెప్పను నిజం? ఏమే, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిందేంది? వింటంది మీ నాయనమ్మ. విననీ.

ఇప్పుడు రాయి. రంగయ్య అబద్ధం తరవాత దిద్దుదువుగాని, వాడు పొయ్యి ఇరవయ్యేళ్లు, యాడికీ పోడు. ముందు నాది దిద్దు. నరసరావుపేట, మాచర్ల బస్సు కుడి మడ్‌గార్డు రుద్దింది దుర్గి శిల్పి కూతురు నాగరత్నం. బెండు ఆమెదే, కుంకుడు రసం ఆమెదే, విభూతి మా నాయనది. నీళ్లు మార్చింది వీరాచారి. అది మటుకు ఉంచు, నీళ్లు నేనే మార్చా. సత్తెనపల్లి వైపు ఎప్పుడన్నా పోతే మస్తాను కొడుకులు ఉంటారు, వాళ్లకు కూడా చెప్పిరా తల్లీ, నీ చెయ్యి చల్లగుండ. మీసమా? రేపు మంగలి వస్తాడుగా, ఉన్నయ్యే నాలుగు ఎంట్రుకలు, మాటంటే మాటే.

రాశావా? చూపిస్తావేందే నాకు, నాకొచ్చినయ్యి నా పేరులో అచ్చరాలే. పైకి చదువు. చూసి మోసపోయినోణ్ణి నేను. గట్టిగా చదువు, వంటింట్లోకి వినపడాల.