వరద పటం

రికార్డుల గది కిటికీకి అవతల తమ్ముడు, ఇవతల అక్క. ఆమె చంకలో గొడుగు ఇంకా కారుతోంది.

"ఒరేయ్, మన వీధి వరద పటం ఒక్క కాపీ ఇవ్వరా. రేపు కాలవ పూడిక మీద విచారణలో చూపించాలి. ఆ కాలవ పూడ్చేస్తే మళ్లీ మునుగుతాం. నువ్వున్నావన్న ధీమాతోనే వీధంతా నన్ను పంపింది."

"పటం ఇక్కడే చూసుకో అక్కా. కాపీ మాత్రం ఇవ్వకూడదు. పటాల మీద హక్కులు ప్రభుత్వానివి."

"అదేం మాటరా? వరద తీశాక మీవాళ్లే ఇంటింటికీ వచ్చి, నీళ్లు ఎందాకా వచ్చాయో అడిగి గీసుకున్నారు. మునిగిందీ మేమే, చెప్పిందీ మేమే. హక్కులు మీవా?"

"రూలు అక్కా. అనుమతి పైనుంచి రావాలి. నెలలు పడుతుంది."

"కాలవ పూడుస్తున్న కాంట్రాక్టరుకి ఎన్ని నెలలు పట్టింది?"

తమ్ముడు సొరుగు తెరిచి, ఏమీ తీయకుండానే మూశాడు.

"నిన్న వాడి బల్ల మీద చూశాను. మన వీధి పటమే. మీ ఆఫీసు ముద్ర, పక్కన నీ సంతకం."

"పైవాళ్లు ఇమ్మన్నారు, ఇచ్చాను. నా ఉద్యోగం కూడా చూసుకోవాలిగా."

"మన గోడ మీద ఆ నీటి గీత ఇంకా ఉందిరా. అమ్మ సున్నం వెయ్యనివ్వలేదు. ఆ రోజు పీకల్లోతు నీళ్లలో అమ్మ నిన్ను భుజాల మీద ఎక్కించుకుని నిలబడింది అక్కడే."

"మెల్లగా అక్కా. వెనక జనం వింటున్నారు."

ఆమె గొడుగు సర్దుకుంది.

"తప్పయిందండీ, ఆఫీసరుగారూ. మా తమ్ముడనుకున్నాను."