తలుపుకు ఇవతల అమ్మ

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ మందు మింగి ఇంటికొచ్చిన కూతురు గది తలుపేసుకుంది. తల్లి చంటి మనవరాలిని ఎత్తుకుని బయట నిలబడింది.

“తలుపు తియ్యవే, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.”

“వద్దమ్మా. నా ఒంట్లోంచి రేడియేషన్ వస్తోంది. కొన్నాళ్లు దాన్ని ఎత్తుకోకూడదు.”

“రేడియేషన్ రాళ్లలో, మట్టిలో, అరటిపండులో కూడా ఉంటుందన్నావుగా?”

“అది ప్రకృతిలో ఉండేది, పిసరంత. ఇది రియాక్టర్లో తయారుచేసింది, బోలెడంత.”

“ఇంతకీ ఇది మందా, విషమా? నాకంతా అయోమయంగా ఉంది.”

“నాకు మందు. పాపకు ప్రమాదం.”

“సరే, దీన్ని అల్లుడికిచ్చి వస్తా. అప్పుడు తియ్యి.”

“నువ్వూ రాకూడదమ్మా!”

“నీ పాపకు నువ్వు దూరంగా ఉండు. నా పాపను వదిలి నేనెలా ఉండనే?”

లోపల అడుగులు తలుపు దగ్గరికొచ్చాయి.

“గుమ్మం దాటనని మాటిస్తే తీస్తా.”