ఇమాం హుస్సేన్ సూటిగా పెట్టిన చక్రాలు

నల్లపాడు స్టేషన్ రోడ్డులో రహిమున్నీసా టీ కొట్టు పక్కనే ఇమాం హుస్సేన్ మెకానిక్ షెడ్డు. పాత అంబాసిడర్లూ ఫియట్లూ తప్ప ఇంకో బండి ముట్టడు. బైపాస్ మీద చక్రాలు సరిచేసే కంప్యూటర్ అలైన్‌మెంట్ వచ్చాక ఆ పనీ తగ్గిపోయి, పది రోజులుగా షెడ్డులోకి ఒక్క బండి రాలేదు. అట్టాంటి పొద్దున యలమందయ్య అనే పెద్దాయన తెల్ల అంబాసిడర్ తెచ్చి కొట్టు ముందు ఆపాడు. ముందు టైర్లు రెండూ ఒక పక్కే అరిగి నున్నగా అయిపోయినాయి.

"చక్రాలు సరిచేసేది ఎవరు?" అని అడిగి, టీ చెప్పి బెంచీ మీద కూర్చున్నాడుగానీ, తాళం గుప్పెట్లోంచి వదల్లేదు.

కొట్టు దగ్గరే నిలబడ్డ ఇమాం హుస్సేన్ చూపంతా ఆ గుప్పెట మీదే. పోయి చక్రాలు చూస్తే సరిపోయేది. కానీ చేతికంటే ముందు నోరు లేచింది.

"అలైన్‌మెంటా! అమరావతి డాక్టరు గారి ఫియట్ సంగతి అడగండి పెద్దాయనా. ఎడమకి లాగేస్తంటే నా దగ్గరికి తెచ్చాడు. కంప్యూటరూ లేదు, ఏమీ లేదు. మిరపకాయల బస్తాలు కుట్టే పురికొస ఒకటి తీసి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి కట్టి, ఒక కన్ను మూసి చూసి, రెండు నట్లు తిప్పానంతే. ఆ తర్వాత స్టీరింగు వదిలేసినా బండి గీత గీసినట్టు ఫర్లాంగు దూరం పోయింది."

"ఫర్లాంగంటే నమ్మొచ్చు" అన్నాడు బెంచీ చివర కూర్చున్న ఎలీషా. ముప్పయ్యేళ్ళు బస్సు తోలి రిటైరైన మనిషి.

ఆ ఒక్క మాటతో ఇమాం హుస్సేన్‌కి ఊపు వచ్చేసింది.

"ఫర్లాంగు ఆడ మొదలన్నా! బానెట్ మీద నిండు టీ గ్లాసు పెట్టాం, చుక్క ఒలకలా. అది చూసి డాక్టరు గారు వెనక సీట్లో పడుకున్నాడు. డ్రైవరు ఆయన్ని చూసి తనూ పడుకున్నాడు. బండి పోతానే ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందనుకున్నారు? రైల్వే గేటు పడింది!"

"అమ్మో, గుద్దేసిందా?" అంది రహిమున్నీసా.

"ఆగింది."

"బ్రేకు ఎవరేశారన్నా?"

"చక్రాలు సూటిగా ఉంటే బండికి బుద్ధి కూడా సూటిగానే ఉంటదమ్మా. రైలు పోయింది, గేటు లేచింది, బండి కదిలింది."

"మరి మలుపులో?" అన్నాడు ఎలీషా. "ఆ రోడ్డుకి ఎన్ని మలుపులున్నాయో నాకు తెలుసు."

ఇమాం హుస్సేన్ పెద్దాయన వంక చూశాడు. గుప్పెట ఇంకా మూసే ఉంది. ఇంకాస్త గట్టిగా చెప్పాలనుకున్నాడు.

"మలుపు రోడ్డుకిగానీ నా చక్రాలకి కాదుగా! పత్తి చేలో దిగి, రెండు సాళ్ళ మధ్యన ఒక్క కాయ రాలకుండా పోయింది. రోడ్డేసేవాళ్ళు ఆ జాడ చూసి, ఇంత సూటిగా మనకి రాదని, దాని ఎంబడే కొత్త రోడ్డు వేసుకున్నారు. అట్టా పోయి పోయి కనిగిరి చేరి, అడ్డమొచ్చిన కొండెక్కి, కోట గోడెక్కి, అవతల దిగింది. అప్పుడు లేచాడు డాక్టరు గారు!"

యలమందయ్య గ్లాసు కింద పెట్టాడు.

"మాది కనిగిరే నాయనా. గుంటూరులో కూతుర్ని చూసి పోతన్నా. మా ఇంటికి పోవాలంటే కొండ ముందర కుడి పక్కకి తిరగాలి. నువ్వు బాగుచేస్తే నా బండి కొండెక్కుద్ది. నేను ఇల్లు చేరేదెట్టా?"

ఎలీషా బెంచీ చరిచి నవ్వాడు. రహిమున్నీసా పాలగిన్నె దించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన లేచి బండి వైపు నడిచాడు.

ఇమాం హుస్సేన్ పరుగున పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అయ్యా, నిజం చెప్తా. ఆ ఫియట్‌కి మూడు సార్లు పురికొస కట్టా. మూడోసారికి కుదిరింది. అప్పటికీ చెయ్యి వదిలితే జానెడు ఎడమకి జరిగేది."

యలమందయ్య అతన్ని తేరిపార చూశాడు. "జానెడైతే నేను కాచుకుంటాలే. పట్టు" అని తాళం చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం దాకా ఇమాం హుస్సేన్ నోరెత్తకుండా పనిచేశాడు. పురికొస కట్టాడు, కొలిచాడు, నట్లు తిప్పాడు, మళ్ళీ కొలిచాడు. ఆనక ఇద్దరూ ఖాళీ రోడ్డు చూసుకుని బయల్దేరారు. యలమందయ్య స్టీరింగు వదిలాడు. బండి కాసేపు బుద్ధిగా పోయి, నిదానంగా మిరప చేను వైపు జరగసాగింది. రోడ్డు అంచుకొచ్చాక పెద్దాయన స్టీరింగు పట్టుకుని బండి ఆపాడు.

"జానెడన్నావు. ఇది బారెడుందే?"

ఇమాం హుస్సేన్ తల గోక్కున్నాడు.

"ఆ జానెడు కూడా కాస్త కోతేనండి."