మూడో తాళం

ఆళ్లగడ్డకు పడమట, కుందూ నది మీద రాళ్లమడుగు ఆనకట్ట. మార్చి నెల, పొద్దున పది గంటలు. గొలుసు చుట్టి తాళాలు వేసే షట్టరు చక్రం దగ్గర ముగ్గురున్నారు: చేపలు పట్టే సుబ్బయ్య, రైతుల నీటి సంఘం ప్రెసిడెంటు అరుణకుమారి, నీటిపారుదల ఇంజనీరు అజయ్ కుమార్.

"ఇయ్యను."

"పెద్దాయనా, నేనింకా అడగనే లేదు."

"మూడు తాళాల్లో రెండు ఊడదీసి గట్టు మీద పెట్టినావు సారూ. ఇంగ అడిగేదేముంది. ఇయ్యను."

"ఒకటి మా ఆఫీసుది, నేనే తీసినా. ఇంకొకటి రైతులది. అరుణకుమారి మేడమే తన చెవి తెచ్చి తీసింది. మీ చేపలోళ్లది ఒక్కటే మిగిలింది. ఒక్కదాని కోసం ఇంత షట్టరు ఆగాలా?"

"ఆగింది గదా."

"సుబ్బయ్య మామా, సారు మీద కోపం నా వరి మీద చూపిచ్చొద్దు."

"నాకు ఎవురి మీదా కోపం లేదు అరుణమ్మా."

"మరి తీయి. పైరు పొట్ట మీద ఉండాది. మడి నెర్రెలిచ్చింది. నిన్న చెయ్యి పెట్టి చూస్తే మణికట్టు దాకా పోయింది లోపలికి."

"చూసినా."

"యాడ చూసినావు?"

"మొన్న ఆ పక్క పోయినా. నీ మడి, ఓబయ్య మడి, ఆ కిందివి నాలుగు. అన్నీ చూసినా."

"చూసి గూడా ఇయ్యనంటాండావా?"

"చూసి గూడా."

"చూడండి మేడం, ఇదీ వరస. పొద్దుట్నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. పెద్దాయనా, మీరు చదువుకోలేదు, తప్పుగా అనుకోవద్దు. కాయితంలో ఏముందో నేను చదివి చెప్తా. నంద్యాల మీటింగులో మీరందరూ కూర్చొని రాసుకున్న కాయితమే ఇది. 'షట్టరు కింద ఇసక దిబ్బలో తాబేలు గుడ్లు పిల్లలు కావడానికి అరవై దినాలు షట్టరు లేపరాదు.' ఇన్నారా? సంతకాలు పెట్టింది జనవరి పదో తేదీ. అరవై దినాలు నిన్నటితో అయిపోయినాయి."

"కాయితం రాసిన దినం తాబేలు గుడ్లు పెట్టలేదు సారూ."

"అంటే?"

"అంటే ఏముంది. మేము నంద్యాలలో సంతకాలు పెడతాంటే అది ఇంకా ఏట్లోనే ఉండాది. కడాకు ఎక్కిన తాబేలు, సంతకాలయినాక పది దినాలకు దిబ్బ ఎక్కింది. ఇసకలో దాని జాడ చూసినా. ఆ పొద్దే ఈ దారానికి ముళ్లేసినా."

"ఏం దారం?"

"వల దారం. అరవై ముళ్లు. పొద్దున లేస్తానే ఒకటి ఇప్పుతా. ఇదో, పట్టుకో. ఎన్నుండాయో నువ్వే లెక్కబెట్టు. చదువుకున్నోడివి గదా."

"ఆఁ, లెక్కబెట్టినా."

"బయటికి చెప్పు సారూ, అరుణమ్మ గూడా ఇంటాది."

"తొమ్మిది."

"తొమ్మిది దినాలు. అంతే."

"మామా, తొమ్మిది దినాలకు నా గింజ తాలయిపోతాది. నాలుగు దినాల్లో తడి పడకుంటే అది వరి గాదు, గడ్డి."

"తెలుసు."

"తెలుసు తెలుసు అంటావు. నీకేం, మడి లేదు మాన్యం లేదు. తాబేలు బతికితే నీకొచ్చేదేంది? ఊర్లో నవ్వుతాండారు మామా. మడుగంతా దేవులాడి తాబేళ్లను కూరొండుకొని తిన్న మనిషి ఈపొద్దు వాటికి మంత్రసాని పని చేస్తాండాడని."

"నిజమే. నేను తిన్న తాబేళ్లకు లెక్కల్లేదు. గుడ్లు గూడా అమ్మినా. దగ్గుకు మంచిదని ఆళ్లగడ్డ సంతలో ఎగబడి కొంటాండ్రి. మీ అమ్మ గూడా కొన్నింది."

"మా అమ్మ సంగతి ఇప్పుడెందుకు?"

"నువ్వే ఎత్తితివి."

"ఒక్క నిమిషం, ఫోను. హలో సార్. ఈడనే ఉన్నా సార్. రెండు తీసినాం సార్, ఒకటుంది. ముసలాయన సార్. లేదు సార్, గొడవేం లేదు, ఒప్పిస్తా. పన్నెండు లోపల సార్. నిండా లేపుతాం సార్, సగం గాదు. సరే సార్, సరే."

"ఎవురు సార్?"

"పై ఆఫీసు మేడం. మీ చేన్ల గురించే అడుగుతున్నారు."

"చేన్ల గురించి అడిగితే నిండా లేపుతామని ఎందుకు చెప్తివి సారూ?"

"పెద్దాయనా, నేను సున్నిపెంట క్వార్టర్లలో పుట్టినోన్ని. డ్యాము గేట్లు లేస్తాంటే ఆ శబ్దానికి నిద్రపోయినోన్ని. నీళ్ల సంగతి నాకు చెప్పొద్దు."

"గేట్లు చూసినావు. గేటు కింద బతికేటివి చూసినట్టు లేవు."

"సరే, చూడలేదు. ఇప్పుడేం చెయ్యమంటారు? రైతుల పైరు ఎండిపోతాంటే నన్ను చూస్తా నిలబడమంటారా?"

"నాలుగేళ్లు లేపు."

"నాలుగేళ్లా?"

"ఏళ్లు గాదు సారూ, సంవత్సరాలు గాదు. చేతి వేళ్లు. షట్టరు కింద నాలుగు వేళ్ల సందు. నీళ్లు ఎడమ పాయ పట్టుకొని పోతాయి. దిబ్బకు జానెడు కిందనే ఉంటాయి, గుడ్లకు తేమ గూడా తగల్దు. పాయలో పోయి అరుణమ్మ వాళ్ల కాలవకు ఎక్కుతాయి. రాత్రీ పగలూ పారనిస్తే మూడో దినానికి ఆయమ్మ మడి తడుస్తాది."

"నీకెట్ల తెలుసు మామా, దిబ్బ ఎక్కవని?"

"యాభై ఏండ్లు దిగినా ఈ ఏట్లో. ఎంత లేపితే ఎంత ఎక్కుతాదో నా మోకాలికి తెలుసు. అయినా నమ్మకం లేక మొన్న పోయి దిబ్బ అంచున పుల్లలు గుచ్చి చూసుకొని వచ్చినా. నీ మడి చూసింది ఆపొద్దే."

"ఆ మాట ముందే చెప్పుంటే అయిపోతాండె గదా."

"నన్ను ఎవురూ అడగల్లేదు. తీయి అంటిరి. ఇయ్యను అంటిని."

"నీతో పెద్ద తంటా మామా. సార్, ఇన్నారు గదా. నాలుగు వేళ్లు లేపుదాం. మాకు చాలు. మామా, అట్లయితే చెవి ఇస్తావు గదా?"

"ఇస్తా. ఇదో, మొలతాట్లోనే ఉండాది."

"అట్ల కుదరదు మేడం."

"ఏం కుదరదు?"

"నాలుగు వేళ్లు, జానెడు, ఇట్ల కుదరదు. లేపితే నిండా లేపాలి. ఈ దినమే లేపాలి."

"ఎందుకు సార్? నీళ్లు కావాల్సింది మాకు. మాకు చాలంటాండాం గదా."

"టెక్నికల్ సంగతులుంటాయి. షట్టరు సగంలో ఆపితే అదురుతుంది. పాడైపోతుంది."

"పోయిన సంవత్సరం నెల దినాలు సగంలోనే ఉండె. మీ ఆఫీసోళ్లే వచ్చి చూసి బాగుండాదనిరి."

"అప్పటి సంగతి వేరు."

"ఏం వేరు?"

"వేరే మేడం."

"సారూ, కింద కొత్త పంపుహౌసు కట్టినారు. నిన్న నేను ఆ పక్కకు పోతే షామియానాలు ఏస్తాండ్రి."

"అది... ఆ పనికీ దీనికీ..."

"ఆ పంపు గుంతలో నీళ్లు లేవు. కప్పలు గూడా లేవు."

"సార్, మామ ఏమంటాండాడు? షామియానాలు ఎందుకు?"

"ఎల్లుండి ప్రారంభోత్సవం మేడం. పెద్ద నాయకుడు ఒకాయన వస్తున్నాడు. బటన్ నొక్కితే పైపులో నీళ్లు పడాలి. పడకపోతే మా ఉద్యోగాలు ఎట్లుంటాయో మీకు తెలీదు. నేను మాత్రం ఏం చెయ్యాలి? నాకూ పెండ్లాం బిడ్డలున్నారు."

"పొద్దున మా ఇంటికొచ్చి, మీ చేన్ల కోసమేనమ్మా అంటిరి. కాఫీ తాగి మరీ అంటిరి."

"మీ చేన్లకూ పారతాయి మేడం. దారిలోనే గదా మీ కాలవ."

"ఎంతసేపు పారతాయి?"

"ఒక పూట. గట్టిగా అంటే ఒక దినం."

"నిండా లేపితే మడుగు ఒక దినంలో ఖాళీ. ఆ తర్వాత నా గింజ గట్టిపడే కడా తడికి నీళ్లు యాడివి?"

"పై నుంచి వదలమని రాస్తాం."

"ఎప్పుడు వదుల్తారు?"

"రాస్తాం మేడం."

"మామా, నువ్వేమన్నా మాట్లాడు."

"నేనేం మాట్లాడేది. నంద్యాలలో మాట్లాడింది నువ్వు."

"నంద్యాల సంగతి ఇప్పుడెందుకు?"

"సారు ఆపొద్దు లేడు, కొత్తగా వచ్చినాడు. తెలుసుకోనీ. సారూ, ఆ మీటింగులో మమ్మల్ని గూడా కుర్చీల్లో కుచ్చోబెట్టిరి. పెద్ద బల్ల. బిస్కట్లు పెట్టిరి. ప్రవళిక మేడమని తాబేళ్ల చదువు చదివిన ఆయమ్మ హైదరాబాదు నుంచి వచ్చింది. ఈ మెత్తవీపు తాబేలు కుందూలో ఇంగ మూడే మూడు దిబ్బల్లో గుడ్లు పెడతాండాదని చెప్పింది. అట్లంటి దిబ్బలు నేను చిన్నప్పుడు నలభై చూసినా. ఎవురు తిన్నారని అడుగుతాదేమో అనుకొని నేను తల వంచుకున్నా. అడగల్లేదు. ఏం చేద్దాం అని అడిగింది."

"ఇవన్నీ మినిట్సులో ఉన్నాయి పెద్దాయనా."

"ఉండవు సారూ. మినిట్సులో సంతకాలుంటాయి. నేను చెప్పేది ఇను. ఆపొద్దు తలా ఒకటి వదులుకున్నాం. మా పదైదు ఇండ్లోళ్లం రెండు నెల్లు మడుగులో వల ఏయమంటిమి. ఏయల్లేదు. రెండు నెల్లు నేను ఆళ్లగడ్డలో రాళ్లు మోసినా, విగ్రహాలు చెక్కేవాళ్ల కాడ. ఈ వయసులో. రైతులు ఒక తడి వదులుకునిరి. మీ ఆఫీసోళ్లు ఏమొదుల్తారని అడిగితిమి."

"తాళం పెత్తనం వదిలిరి."

"ఆ. చెప్పు అరుణమ్మా, మూడు తాళాలు గావాలని అనింది ఎవురు?"

"నేనే."

"ఎందుకు అంటివి?"

"ఒక్క తాళం ఉన్నప్పుడు రెండు పంటలు పోయినాయి మాకు. మాకు చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఎప్పుడు లేపుతారో, ఎప్పుడు మూస్తారో. షట్టరు మాదనుకుంటిమి, తాళం మాది గాదు. అందుకే అంటిని."

"సారువాళ్లు నవ్విరి. షట్టరుకు మూడు తాళాలేందమ్మా, బీరువానా అనిరి. నువ్వు కుర్చీలోంచి లేవల్లేదు. మూడు తాళాలని రాసేదాకా బిస్కట్టు ముట్టల్లేదు."

"ఇవన్నీ బాగానే ఉన్నాయి. నాకు పన్నెండు లోపల నీళ్లు కింద ఉండాలి. పెద్దాయనా, కడాసారిగా అడుగుతున్నా. మర్యాదగా అడుగుతున్నా. చెవి ఇస్తారా, ఇయ్యరా?"

"నాలుగు వేళ్లకైతే ఇస్తా."

"నిండాకు?"

"ఇయ్యను."

"అయితే నా తప్పు లేదు. డ్రైవరూ, జీపులో బ్లేడుంది, తీసుకొని రా. తాళం కొయ్యాలి."

"సార్, అట్లెట్ల కోస్తారు? ముగ్గురి చెవులు లేనిదే లేపకూడదని కాయితంలో ఉండాది గదా."

"అత్యవసరమైతే ఆఫీసుకు అధికారం ఉంటుంది మేడం."

"అదీ కాయితంలో ఉండాదా?"

"కాయితంలో అన్నీ ఉండవు. మీకెందుకు, మీది మీరు తీసేసినారు గదా. మీ మీద మాట రాదు. ఆయన తాళమే గదా కోసేది."

"ఈ సంవత్సరం ఆయనది."

"ఏమన్నారు?"

"ఏం లేదు సార్."

"కొయ్యి సారూ. నేను అడ్డం పడను, కేకలెయ్యను. ఈ చక్రం పక్కనే కుచ్చుంటా. కోసినాక ఆ ముక్కలు మాత్రం నాకియ్యి. నంద్యాలకు ఎత్తుకపోతా. మేము కుచ్చున్న బల్ల మీదనే పెడతా. మీరు వదిలిందేందో చూసుకోండి అని చెప్పొస్తా."

"పెట్టుకోండి. ఎవరు వద్దన్నారు."

"బస్సుకు అరుణమ్మ కాడ చేబదులు తీసుకుంటా."

"నీకింత జరుగుతాంటే తమాషాగా ఉండాదా మామా? నాలుగు దినాల్లో నా పైరు పోతాదే. తెలుస్తాండాదా నీకు?"

"తెలుసు అరుణమ్మా. అందుకే నీ దిక్కు చూళ్లేకుండా ఉండా. నిన్ను తప్పు పట్టను. నీ బాధ నీది. నువ్వు ఇంటికి పో."

"ఇంటికి పోయి ఏం చూసేది?"

"డ్రైవరూ, యాడ చచ్చినావు? తొందరగా రా. ఇదో, ఈ ఇత్తడి తాళం. చక్రం ఆపక్క ఉంది. మేడం, మీరు ఆడ్నుంచి జరగండి. బ్లేడు జారితే చెయ్యి తెగుతుంది. మేడం, మిమ్మల్నే. ఆ గొలుసు దగ్గర ఏం చేస్తున్నారు?"

"డ్రైవరుకు చెప్పండి సార్, ఒకటి గాదు, రెండు కొయ్యల్లని. నా తాళం నేను మళ్లా ఏసినా."